బరువు తగ్గాక ఏమైందో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో బరువు తగ్గినవాళ్ళ కథనాలు తరచూ వస్తుంటాయి. పక్కపక్కనే రెండు ఫొటోలు, ఎన్ని నెలల్లో ఎన్ని కిలోలు తగ్గారో పెద్ద అక్షరాల్లో, కింద ఏం తిన్నారో ఏం మానేశారో ఒక పట్టిక. నేను ఆ పేజీ వదలకుండా చదువుతాను. చదివిన ప్రతిసారీ ఒకటే అడగాలనిపిస్తుంది: తర్వాత ఏమైంది? ఏడాది తర్వాత, రెండేళ్ళ తర్వాత ఆ మనిషి ఎలా ఉన్నారు? ఆ సంగతి మీ పేజీలోనే కాదు, నేను చదివే ఏ పత్రికలోనూ కనిపించదు. బరువు తగ్గడం గురించి రాసేదానిలో సగమైనా, తగ్గిన బరువును నిలబెట్టుకోవడం గురించి రాయమని అడగడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది. ఓపిగ్గా చదవమని కోరుతున్నాను.

నేను టైలర్ని. ప్యాంట్లు, చొక్కాలు, కోట్లు కుడతాను. కొత్తవి కుట్టే పని ఎంత ఉంటుందో పాతవి సరిచేసే పనీ అంతే ఉంటుంది. అందువల్ల మనుషులు సన్నబడటం, మళ్ళీ లావెక్కడం నా కళ్ళ ముందే జరుగుతుంటుంది. డాక్టరు దగ్గరికి జబ్బు చేశాకే వెళతారు. బట్టలు పట్టకపోవడం అంతకంటే చాలా ముందే మొదలవుతుంది కాబట్టి నా దగ్గరికి ముందు వస్తారు.

ప్యాంటు నడుము తగ్గించాలంటే వెనక మధ్య కుట్టు విప్పాలి. నడుము పట్టీని అక్కడ విడదీసి, టేపు పెట్టి చూసుకుని, చాక్‌తో కొత్త గీత గీసి, పైనుంచి సీటు దాకా ఏటవాలుగా కుట్టుకుంటూ రావాలి. అంగుళం తగ్గిస్తే ఇటు అరంగుళం, అటు అరంగుళం బట్ట లోపలికి పోతుంది. ఆ బట్టను నేను కత్తిరించను. లోపలే తెరిచి ఇస్త్రీ చేసి వదిలేస్తాను. "కత్తిరించెయ్యి అన్నా, ఇక ఆ సైజుకు పోయేది లేదు" అని సంబరంగా చెప్పేవాళ్ళుంటారు. వాళ్ళ సంబరం చూస్తే నాకూ ఆనందమే. అయినా కత్తెర పెట్టను. లోపలి బట్ట తీసేస్తే ఆ ప్యాంటును మళ్ళీ వదులు చేయడానికి వీలుండదు. చాలామంది విషయంలో ఏడాదో ఏడాదిన్నరో తిరిగేసరికి అదే ప్యాంటు అదే మనిషి చేతిలో తిరిగి వస్తుంది. కుట్టు విప్పితే లోపల దాగిన బట్ట ఇంకా కొత్త రంగులోనే ఉంటుంది, బయటిది వెలిసిపోయి ఉంటుంది. వదులు చేసిన చోట ఆ తేడా సన్నని చారలా కనిపిస్తుంది. దాన్ని పూర్తిగా దాచడం ఏ టైలర్ వల్లా కాదు.

నన్ను బాధపెట్టేది ఆ చార కాదు. రెండోసారి వచ్చినప్పుడు వాళ్ళ మాట తీరు. ప్యాంటు బల్ల మీద పెట్టి పక్కకు చూస్తారు. అడగకుండానే సంజాయిషీ మొదలుపెడతారు. "నాకు కంట్రోల్ లేదు." "నోరు కట్టుకోలేకపోయాను." "నా బద్ధకమే." ఒకామె తన కోటు వదులు చేయించుకోవడానికి వచ్చి, ఇంట్లో ఎవరికీ తెలియకుండా సాయంత్రానికల్లా ఇవ్వగలరా అని అడిగింది. ఆమె అంతకు ముందు తగ్గడానికి ఎంత కష్టపడిందో నాకు తెలుసు. అదే కోటును బిగించింది నేనే. అంత క్రమశిక్షణ ఉన్న మనిషి తనను తాను బద్ధకస్తురాలిననుకుని తలదించుకోవడం చూస్తే మనసుకు ఎలాగో ఉంటుంది. ఆమెకు చెప్పవలసిన నిజం ఒకటుంది, అది ఎవరూ చెప్పలేదు. పత్రికలు చెప్పాలి.

ఆ నిజం ఏమిటంటే, బరువు తగ్గిన శరీరం ఆ బరువును మళ్ళీ తెచ్చుకోవడానికి పని చేస్తుంది. ఇది నేను కల్పించి చెబుతున్న మాట కాదు. అమెరికాలో ఒక టీవీ పోటీలో చాలా తక్కువ కాలంలో విపరీతంగా బరువు తగ్గినవాళ్ళలో 14 మందిని కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త బృందం ఆరేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రచురించింది. పోటీ ముగిసేనాటికి వాళ్ళు సగటున 58 కిలోలు తగ్గారు. ఆరేళ్ళలో సగటున 41 కిలోలు తిరిగి వచ్చాయి. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. విశ్రాంతిగా ఉన్నప్పుడు వాళ్ళ శరీరం ఖర్చు చేసే శక్తి, అదే బరువూ అదే వయసూ ఉన్న మనిషికి ఉండవలసిన దానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువగా ఉంది. ఆరేళ్ళయినా ఆ లోటు పూడలేదు. అంటే పక్కవాడు తిన్నంతే తిన్నా వీళ్ళకు బరువు పెరుగుతుంది.

ఖర్చు తగ్గడం ఒకవైపైతే, ఆకలి పెరగడం ఇంకోవైపు. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్‌ను కనిపెట్టింది. మన కొవ్వు కణాల నుంచే అది రక్తంలోకి వస్తుంది, ఒంట్లో నిల్వ ఎంత ఉందో మెదడుకు తెలియజేస్తుంది. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది, నిల్వ పడిపోతోందని మెదడుకు కబురు వెళుతుంది. మెల్‌బోర్న్ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో 50 మందికి పది వారాలు బాగా తక్కువ ఆహారం ఇచ్చి బరువు తగ్గించారు. తగ్గి ఏడాది గడిచాక కూడా వాళ్ళలో ఆకలి పెంచే హార్మోన్లు ఎక్కువగానే, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తక్కువగానే ఉన్నాయి. వాళ్ళకు నిజంగానే ఎక్కువ ఆకలి వేస్తోంది. నోరు కట్టుకోలేకపోయాను అనుకునే మనిషి పోరాడుతున్నది ఈ ఆకలితో.

ఇంకా వెనక్కి వెళితే, రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ చేసిన ప్రయోగం ఉంది. యుద్ధంలో ఆయుధం పట్టనని చెప్పిన యువకుల్లో 36 మంది స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. ఆరోగ్యంగా ఉన్న ఆ కుర్రాళ్ళకు 24 వారాల పాటు రోజుకు సుమారు 1,570 కేలరీల ఆహారం ఇచ్చి, బాగా నడిపించారు. వాళ్ళ బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. దాంతోపాటు వాళ్ళ ఆలోచన మొత్తం తిండి చుట్టూ తిరగడం మొదలైంది. పళ్ళేలు నాకేవారు. వంటల పుస్తకాలు పోగుచేసుకునేవారు. దిగులు, చిరాకు, ఎవరితోనూ కలవకపోవడం. తిండి మళ్ళీ పెట్టడం మొదలయ్యాక ఎంత తిన్నా కొందరికి తృప్తి ఉండేది కాదు. వాళ్ళు ముందు నుంచీ తిండిపోతులు కారు, సన్నగా ఉన్న మామూలు యువకులే. ఇప్పుడు పత్రికల్లో, ఫోన్లలో తిరిగే డైట్ పట్టికలు చూడండి. ఎంతోమంది చేతికి 1,200 కేలరీల పట్టిక వస్తోంది. మనిషిని బట్టి, ఒళ్ళు ఎత్తును బట్టి అవసరం మారుతుందన్నది నిజమే. అయినా ఎవరి పర్యవేక్షణా లేకుండా అంత తక్కువ తిని, తర్వాత తిండి మీద ధ్యాస పోవడం లేదని తమను తామే తిట్టుకునేవాళ్ళను చూస్తే నాకు ఆ 36 మందే గుర్తొస్తారు.

"వారంలో మూడు కిలోలు" అనే ప్రకటనల గురించి కూడా ఒక మాట. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీల శక్తి ఉంటుంది. మూడు కిలోల కొవ్వు కరగాలంటే 23,000 కేలరీలు పైనే లోటు రావాలి. ఏడు రోజులకు పంచితే రోజుకు 3,300. మనలో చాలామంది రోజంతా తినేదే అంత ఉండదు. మరి తూకంలో మూడు కిలోలు ఎలా తగ్గుతాయి? కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండి పదార్థం నిల్వ ఉంటుంది, ప్రతి గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీరు పట్టుకుని ఉంటుంది. తిండి ఒక్కసారిగా తగ్గిస్తే ముందు ఆ నిల్వ ఖర్చవుతుంది, ఆ నీరు బయటికి పోతుంది. మళ్ళీ మామూలుగా తినగానే రెండూ తిరిగి వస్తాయి. రెండో వారంలో తూకం కదలకపోతే జనం నిరాశపడి మానేస్తారు. నిజానికి కొవ్వు అప్పుడు కూడా నెమ్మదిగా కరుగుతూనే ఉంటుంది. ఈ లెక్క మీ పేజీలో ఒక్కసారి వేస్తే ఎంతమందికి నిరాశ తప్పుతుందో ఆలోచించండి.

ఇక నా సంగతి. కూర్చుని చేసే పని, వయసు యాభై దాటింది, రక్తంలో షుగర్ హద్దు దగ్గరికొచ్చిందని డాక్టరు హెచ్చరించారు. మొదటిసారి ఎవరో ఇచ్చిన పట్టిక ప్రకారం తిని తగ్గాను, తర్వాత అంతా తిరిగి వచ్చింది. ఆ పట్టికలో తగ్గాక ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. రెండోసారి మొదలుపెట్టినప్పుడు ప్రతి మార్పుకూ ముందు ఒకటే ప్రశ్న వేసుకున్నాను: ఇది పదేళ్ళు చేయగలనా? చేయలేను అనిపించినది ఎంత గొప్పదని చెప్పినా మొదలుపెట్టలేదు. ఆ తర్వాత తగ్గినది కొన్నేళ్ళుగా నిలబడింది.

వాటిలో బాగా పని చేసింది మిషను దగ్గరి తిండి. కుట్టేటప్పుడు కుడిచేయి పక్కన పొట్లం ఉండేది. కళ్ళు సూది మీద, చేయి పొట్లంలో. కుట్టు ఒక చివరకు వచ్చేసరికి పొట్లం ఖాళీ, తిన్న గుర్తు ఉండదు. ఒకసారి లేత రంగు బట్ట మీద నూనె మరక పడింది. అప్పటినుంచి దుకాణంలో ఒక నియమం పెట్టాను: మిషను దగ్గర, కత్తిరించే బల్ల దగ్గర తినడం లేదు, నాకైనా నా దగ్గర పనిచేసే కుర్రాడికైనా. తినాలంటే లేచి, చేతులు కడుక్కుని, లోపల స్టూలు మీద కూర్చుని తినాలి. ఏమీ మానెయ్యమని చెప్పని నియమం అది. అయినా అటూ ఇటూ తినేది సగం పైనే పోయింది, ఎందుకంటే లేవాలంటే నిజంగా ఆకలి వేయాలి. మీ పాఠకుల్లో ఫోను చూస్తూ, టీవీ చూస్తూ, కంప్యూటర్ ముందు తినేవాళ్ళు ఎంతోమంది ఉంటారు. వాళ్ళు ముందు తినే చోటు మార్చి చూడాలని నా కోరిక. ఏం తినాలన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.

పొట్లాల్లో వచ్చే తిండి గురించి నేను ఊరికే అనడం లేదు. కెవిన్ హాల్ బృందమే 2019లో ఇంకో ప్రయోగం ప్రచురించింది. 20 మందిని పరిశోధన కేంద్రంలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు మామూలుగా వండిన ఆహారం ఇచ్చారు. రెండింటిలోనూ పెట్టిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానమే. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్రాసెస్ చేసినది తిన్న రోజుల్లో వాళ్ళు తమకు తెలియకుండానే రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో కిలోకు కాస్త తక్కువగా పెరిగారు. రెండో ఆహారం మీద దాదాపు అంతే తగ్గారు. ప్రాసెస్ చేసినది త్వరత్వరగా తిన్నారని కూడా గమనించారు. మెత్తగా ఉండి నమలకుండానే దిగిపోయే తిండి, కడుపు నిండిన కబురు మెదడుకు చేరేలోపే పళ్ళెం ఖాళీ చేయిస్తుంది.

పళ్ళెంలో నేను చేసిన మార్పు ఒక్క మాటలో చెబుతాను. సగం కూరగాయలు, పావు వంతు పప్పుధాన్యాలో గుడ్డో మాంసమో, పావు వంతు ధాన్యం. తాగే వాటిలో చక్కెర లేదు. కొవ్వు తక్కువ తినాలా పిండి పదార్థం తక్కువ తినాలా అని జనం కొట్టుకుంటుంటారు. స్టాన్‌ఫర్డ్‌లో 609 మందిని ఏడాది పాటు చూసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఈ రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండు గుంపుల్లోనూ కొందరు బాగా తగ్గారు, కొందరు పెరిగారు కూడా. ఎవరు దేన్ని వదలకుండా చేయగలరో అదే వాళ్ళకు మంచిది.

వ్యాయామం దగ్గరికి వస్తే, మీ కథనాలు ఒక ఆశ కల్పిస్తున్నాయి, అది నెరవేరక జనం నడక మానేస్తున్నారు. 70 కిలోల మనిషి అరగంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 కేలరీలు. గుప్పెడు వేయించిన గింజలు తింటే అంతకంటే ఎక్కువే తిరిగి వస్తాయి. కాబట్టి తిండి మార్చకుండా నడకతోనే కిలోలకు కిలోలు తగ్గిపోతాయనుకోవడం సరికాదు. కానీ తగ్గిన బరువు నిలవాలంటే కదలిక లేకుండా కుదరదు. నేను పైన చెప్పిన టీవీ పోటీవాళ్ళలో కూడా, బరువు నిలబెట్టుకున్నవాళ్ళు ఆరేళ్ళ తర్వాత మిగతావాళ్ళ కంటే చాలా ఎక్కువగా కదులుతున్నారని తేలింది. అమెరికాలో 1994 నుంచి ఒక రిజిస్టరు నడుస్తోంది. కనీసం 13.6 కిలోలు తగ్గి, కనీసం ఏడాది నిలబెట్టుకున్నవాళ్ళు అందులో చేరారు. పది వేల మందికి పైగా ఉన్నారు. తగ్గిన దారి ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంది. నిలబెట్టుకునే దారిలో మాత్రం చాలా పోలికలున్నాయి: సగటున రోజుకు గంట దాకా వ్యాయామం, ఎక్కువగా నడకే, తరచూ తూకం చూసుకోవడం, టీవీ ముందు తక్కువ కూర్చోవడం. అలాంటి మామూలు మనుషులు అంతమంది ఉన్నారని చదివినప్పుడు నాకు కలిగిన ధైర్యం ఏ రెండు ఫొటోలూ ఇవ్వలేదు.

గంట అనగానే భయపడతారు. అది ఒక్కసారే చేయాలని ఎవరూ అనలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన వారానికి 150 నుంచి 300 నిమిషాలు, ఒక మోస్తరు వేగంతో. నా పనిలోనే ఎంతో మార్చుకోగలిగాను. కత్తిరించడం, గీత గీయడం, గుండీలు చూడటం, ఇస్త్రీ అన్నీ ఇప్పుడు నిలబడే చేస్తాను. కూర్చునేది మిషను తొక్కడానికే. దారం రీళ్ళు, గుండీల డబ్బాలు చేతికందేలా పెట్టుకునేవాణ్ణి, ఇప్పుడవి అవతలి గోడ దగ్గర ఉంటాయి. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో 16 మందికి ఎనిమిది వారాలు రోజూ 1,000 కేలరీలు అదనంగా తినిపించారు. ఒకరికి అరకిలో కొవ్వు కూడా పెరగలేదు, ఇంకొకరికి నాలుగు కిలోలు దాటింది. తేడాకు ముఖ్య కారణం వ్యాయామం కాదు, లేవడం, నిలబడటం, అటూ ఇటూ మసలడం లాంటి చిన్న కదలికలు. లండన్‌లో జెరెమీ మోరిస్ 1953లో చూపించినది కూడా ఇలాంటిదే. రెండంతస్తుల బస్సుల్లో కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, మెట్లెక్కుతూ దిగుతూ టికెట్లిచ్చే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువ.

నడకతో పాటు బలం పెంచే వ్యాయామం గురించి కూడా రాయండి, ముఖ్యంగా నా వయసువాళ్ళ కోసం. బరువు తగ్గినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. తిరిగి పెరిగినప్పుడు వచ్చేది ఎక్కువగా కొవ్వే. వారానికి కనీసం రెండు రోజులు పెద్ద కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. దానికి జిమ్ లేకపోయినా ఫరవాలేదు. కత్తిరించే బల్ల అంచు పట్టుకుని గుంజీలు తీస్తాను, అదే బల్లకు చేతులు ఆన్చి ఒంటిని వంచి లేపుతాను, కోటు బట్ట తాను ఒకటి రెండు చేతులతో ఎత్తి పై అరలో పెట్టి దించుతాను. ఆ తాను తక్కువ బరువేమీ కాదు. మొదట్లో రెండుసార్లకే రొప్పేవాణ్ణి.

ఇప్పుడు నా వృత్తి విషయం ఒకటి చెప్పాలి, ఇది డాక్టర్లు కూడా ఎక్కువగా రాయరు. ప్యాంటు సైజు చూసి నడుము తెలిసిందనుకోకండి. పొట్ట పెరిగే మగవాళ్ళు ప్యాంటును పొట్ట కిందికి దించి కట్టుకుంటారు. అక్కడి కొలత ఎన్నేళ్ళయినా పెద్దగా మారదు. "నేను కాలేజీలో వేసిన సైజే ఇప్పటికీ" అని చెప్పే మనిషికి బొడ్డు దగ్గర టేపు పెడితే ఆరేడు అంగుళాలు ఎక్కువ వస్తుంది. ఆరోగ్యానికి లెక్కలోకి వచ్చే నడుము పైన ఉంటుంది. చివరి పక్కటెముక అంచు వేలికి తగిలే చోటు ఒకటి, తుంటి ఎముక పై అంచు ఇంకొకటి, ఈ రెంటికీ మధ్యలో టేపు పెట్టాలి. టేపు నేలకు సమాంతరంగా చుట్టూ ఒకే ఎత్తులో ఉండాలి, వెనక జారిపోతుంటుంది, అద్దంలో చూసుకోవాలి. చర్మాన్ని నొక్కకూడదు. మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. నా దుకాణంలో టేపు పట్టుకోగానే కడుపు లోపలికి పీల్చని మనిషి లేడు. అందుకే నేను ఏదో ఒక మాట అడుగుతాను, సమాధానం చెప్పేటప్పుడు ఊపిరి వదులుతారు, అప్పుడు కొలత చూస్తాను. ఇంట్లో కొలుచుకునేవాళ్ళు గట్టిగా ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి చూసుకోవచ్చు. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాల్లో 2022 నుంచి ఒక తేలిక లెక్క చెబుతున్నారు: నడుము మీ ఎత్తులో సగం కంటే తక్కువ ఉండాలి. 170 సెంటీమీటర్ల మనిషికి 85 లోపు.

తూకం కూడా చూసుకుంటాను, వారానికొకసారి. ఉప్పు ఎక్కువ తిన్నా, నిద్ర పాడైనా కిలోన్నర అటూ ఇటూ అవుతుంది, దానికి టెన్షన్ పడను. ఒక హద్దు పెట్టుకున్నాను. దానికి రెండు కిలోలు దాటితే మాత్రం ఆ వారమే సాయంత్రం నడక పెంచుతాను, రాత్రి భోజనం తొందరగా ముగిస్తాను. రెండు కిలోలు తగ్గించుకోవడం ఎవరివల్లనైనా అవుతుంది. పద్నాలుగు పెరిగేదాకా చూడకుండా ఉంటేనే ఇంకో పట్టిక, ఇంకో మూడు నెలల యుద్ధం అవసరమవుతుంది.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి ఈ మధ్య చాలా రాస్తున్నారు. వాటిని తక్కువ చేసి మాట్లాడను, అవసరమైనవాళ్ళకు డాక్టరు రాసిస్తే మంచిదే. 2021లో వచ్చిన సెమాగ్లుటైడ్ ప్రయోగంలో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. అదే ప్రయోగంలోని కొందరిని మందు ఆపాక ఏడాది గమనిస్తే, తగ్గిన దానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. మొదటి సంఖ్య నేను ఎన్నో చోట్ల చదివాను. రెండోది కోసం వెతకాల్సి వచ్చింది. రెండూ పక్కపక్కనే వేయాలి కదా. మందు ఆపగానే ఆకలి తిరిగి వస్తుందని ముందే తెలిసిన మనిషి డాక్టరుతో వేరే రకంగా మాట్లాడతాడు, ఎన్నాళ్ళు వాడాలో, ఆపితే ఏం చేయాలో అడుగుతాడు.

ఇదంతా చదివి ఎవరైనా, ఎలాగూ తిరిగి వచ్చేదానికి తగ్గడం ఎందుకు అనుకుంటారేమో. అలా అనుకోవద్దు. అమెరికాలో మధుమేహం అంచున ఉన్న 3,234 మందితో చేసిన పెద్ద అధ్యయనం 2002లో వచ్చింది. ఒక గుంపుకు బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టారు. వాళ్ళలో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్న గుంపులో 31 శాతం. తర్వాత ఏళ్ళలో వాళ్ళకూ బరువు చాలావరకు తిరిగి వచ్చింది. అయినా పదేళ్ళు గడిచాక చూస్తే మధుమేహం వాళ్ళలో 34 శాతం తక్కువగానే ఉంది. నా దగ్గరికి కోటు తెచ్చిన ఆమెకు ఈ సంఖ్య తెలిసి ఉంటే తలెత్తుకునే వచ్చేది. 90 కిలోల మనిషికి 7 శాతం అంటే ఆరు కిలోలు పైన. దానికి ఫొటో బాగా రాదు, పక్కింటివాళ్ళు గుర్తుపట్టరు. రక్తపరీక్షలో మాత్రం కనిపిస్తుంది.

ఇంట్లోవాళ్ళకూ ఆఫీసువాళ్ళకూ కూడా మీ పేజీ ద్వారా ఒక మాట చేరితే బాగుంటుంది. సన్నబడ్డ మనిషిని పొగడ్తలతో ముంచేసి, మళ్ళీ కాస్త ఒళ్ళు చేయగానే "ఏంటి, మళ్ళీ మొదలా?" అని అడగడం ఆపాలి. ఆ మాట విన్నాక నడవడానికి బయటికి రావడం మానేసినవాళ్ళు నాకు తెలుసు. నలుగురూ చూస్తారని.

మీకు నా విన్నపాలు ఇవి. బరువు తగ్గినవాళ్ళ కథనం వేసినప్పుడు తగ్గి ఎంతకాలమైందో తప్పకుండా రాయండి. ఏడాది నిండని కథనమైతే ఆ మాట ఫొటో పక్కనే కనిపించాలి. కిందటేడాది మీరు వేసిన వాళ్ళ దగ్గరికే మీ విలేకరిని మళ్ళీ పంపండి. పెరిగినవాళ్ళు ఉంటే వాళ్ళనూ గౌరవంగా మాట్లాడించండి, ఏ నెలలో ఏం జరిగి కష్టమైందో చెప్పించండి. ఉద్యోగం మారిందా, మోకాలు నొప్పి వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిందా. మిగతా పాఠకులకు పనికొచ్చేది అదే. వారంలో ఇన్ని కిలోలు అనే ప్రకటన ఆరోగ్యం పేజీలోనే రాకుండా చూడండి. డాక్టర్ల శీర్షికలో నెలకొకసారైనా నిలబెట్టుకోవడం గురించి ప్రశ్నలు తీసుకోండి.

రెండేళ్ళు, ఐదేళ్ళు నిలబెట్టుకున్నవాళ్ళు దొరకడం కష్టమని మీరనవచ్చు. నాకు తెలిసినవాళ్ళే కొందరున్నారు. వాళ్ళ ప్యాంట్లను బిగించిన తర్వాత మళ్ళీ విప్పాల్సిన అవసరం రాలేదు. ఫొటో వద్దు గానీ మాట్లాడతాం అంటున్నారు. మీరు సరేనంటే వాళ్ళ అనుమతి తీసుకుని వివరాలు పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక టైలర్